అర్ధాంగికి ఒత్తు మారిన రోజు నుంచి

హనుమకొండ నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. సారాంశం ఇది.

ఆమెకు 44 ఏళ్లు. ఒక దినపత్రిక జిల్లా డెస్కులో తొమ్మిదేళ్లు సబ్ ఎడిటర్‌గా పనిచేశారు. అత్తగారికి పక్షవాతం రావడంతో ఉద్యోగం మానేసి, ఆరేళ్లుగా ఇంటి దగ్గరే పుస్తకాలు ఎడిట్ చేస్తున్నారు. చుట్టుపక్కల రచయితల కథలు, ఆత్మకథలు, అప్పుడప్పుడు పరిశోధక విద్యార్థుల థీసిస్‌లు. పనిమంతురాలని పేరుంది. పోయిన ఏడాది ఒక రిటైర్డ్ టీచర్ ఆత్మకథ ఆమె చేతికి వచ్చింది. అనూ అనే పాత డీటీపీ ఫాంట్‌లో కొట్టిన ఫైలును యూనికోడ్‌లోకి మార్చి ఇచ్చారు. అందులో ‘విద్యార్ధి’, ‘ప్రార్ధన’, ‘అర్ధం కాలేదు’ అని పుస్తకం పొడవునా ఉన్నాయి. ఒక్కొక్కటి దిద్దే ఓపిక లేక ‘ర్ధ’ ఉన్నచోటల్లా ‘ర్థ’ వచ్చేటట్టు కంప్యూటర్‌లో ఒకేసారి మార్చేశారు. 300 కాపీలు అచ్చయ్యాయి. ఆవిష్కరణ సభలో ఒక పెద్దాయన మైకు పట్టుకుని అంకితం పేజీ తెరిచారు. ‘నా అర్థాంగికి’ అని ఉంది. “అర్థమంటే డబ్బు, అర్ధమంటే సగం. మరి భార్య సగమా, డబ్బా?” అన్నారు. సభంతా నవ్వింది. రెండేళ్ల కింద భార్యను పోగొట్టుకున్న ఆ రచయిత మాత్రం నవ్వలేదు. చివరి అధ్యాయంలో ఆయన భార్య ‘వర్ధంతి’ కూడా ‘వర్థంతి’ అయిందని ఇంటికొచ్చాక చూసుకున్నారు.

ఆ గాయం మానకముందే ఇంకో దెబ్బ. ములుగు వైపు కుర్రవాడు ఒకతను కథల పుస్తకం ఇస్తే, అందులో ‘వచ్చిండు’, ‘చేసిన్రు’ అన్నవాటిని ‘వచ్చాడు’, ‘చేశారు’ అని మార్చి పంపారు. “అక్కా, ఇది మా అమ్మ మాట కాదు” అని ఒక్క వాక్యం రాసి అతను ఫైలు వెనక్కి తీసుకున్నాడు.

అప్పటినుంచి ఏ వాక్యం చూసినా అనుమానమే. “కామా పెడతాను, తీస్తాను, మళ్లీ పెడతాను. ఒక పేజీకి గంట పడుతోంది. తెల్లవారుజామున రెండింటికి లేచి, పంపేసిన ఫైలు మళ్లీ తెరిచి చూస్తున్నాను” అని రాశారు. ఇంట్లో ఆయన ఇదంతా మానేసి పిల్లలకు ట్యూషన్లు చెప్పుకోమంటున్నారు. కొత్త పుస్తకం ఒకటి బల్ల మీద ఉంది, ప్రెస్ ఓనరు రోజూ ఫోన్ చేస్తున్నాడు. అసలు నాకు వ్యాకరణం వచ్చా, ఎం.ఏ. తెలుగులో చేరి మొదటినుంచి చదవాలా, లేక పనే మానుకోవాలా అన్నది ఆమె ప్రశ్న. చివర్లో, “ఈ ఉత్తరంలో తప్పులుంటే క్షమించండి, ఐదుసార్లు చూసుకున్నాను” అని ముగించారు.

అమ్మా,

ముందు ఆ ఒత్తు సంగతి తేల్చుకుందాం. మిగతాదంతా దాని చుట్టూనే తిరుగుతోంది. ‘విద్యార్ధి’ తప్పు అని మీకు తెలుసు. తెలుసు కాబట్టే దిద్దబోయారు. తెలియని మనిషి దాన్ని అట్లాగే వదిలేసేవారు, అప్పుడు ‘అర్ధాంగి’ క్షేమంగా ఉండేది. అంటే మీ చేత ఆ పొరపాటు చేయించింది వ్యాకరణం రాకపోవడం కాదు. సగం తెలిసిన కంప్యూటర్‌కు మీకు పూర్తిగా తెలిసిన పనిని అప్పగించడం. అర్థం, ప్రార్థన, విద్యార్థి, అభ్యర్థి, వ్యర్థం, సమర్థత, ఇవన్నీ ఒక కుటుంబం. అర్ధరాత్రి, అర్ధాంగి ‘సగం’ నుంచి వచ్చాయి. వర్ధంతి, గోవర్ధనం పెరగడం నుంచి వచ్చాయి. నిర్ధారణ, అంతర్ధానం ఉపసర్గ వచ్చి కలిసిన మాటలు. ఈ తేడా మిమ్మల్ని నిద్రలో లేపి అడిగినా చెప్తారు. మిషన్‌కు చెప్పడం రాదు. (వర్ధంతి అంటే అసలు వర్ధిల్లే రోజు. కన్నడంలో పుట్టినరోజు వేడుకకు ఈ మాట వాడతారు. మన దగ్గర అది పోయినవాళ్ల రోజైంది. వ్యుత్పత్తి ఎటో, వాడుక ఎటో. మన పనిలో రోజూ ఎదురయ్యేది ఇదే.)

అయితే మీ ఉత్తరంలో నన్ను ఆపిన వాక్యం అది కాదు. “డెస్కులో ఉన్నప్పుడు రోజుకు నలభై వార్తలు దిద్దినా ఒక్కనాడూ టెన్షన్ పడలేదు” అని రాశారు చూడండి, అక్కడ ఆగాను. ఎందుకు పడలేదో ఆలోచించారా? మీకు అప్పుడు ఇప్పటికంటే ఎక్కువ వ్యాకరణం వచ్చా? లేదు. అప్పుడు మీ పక్కన మనుషులున్నారు. పత్రికకు ఒక స్టైల్‌బుక్ ఉంది. ‘వాళ్లు’ రాయాలా ‘వాళ్ళు’ రాయాలా అని మీరు ఏనాడూ తేల్చుకోలేదు, పత్రిక తేల్చి పెట్టింది. అనుమానం వస్తే తల తిప్పి “ఇది ఠ వత్తా, ట వత్తా?” అని అడిగితే పక్క కుర్చీలోంచి జవాబు వచ్చేది. మీరు దిద్దాక ఇన్‌ఛార్జి చూసేవాడు, పేజీ పెట్టేటప్పుడు ఇంకో కన్ను పడేది. ఇప్పుడు రచయిత, డీటీపీ ఆపరేటర్, మీరు. రచయితకు తన తప్పు కనపడదు, ఆపరేటర్‌కు చదవడం పని కాదు. నలుగురు మోసిన బరువు ఒక్కరి నెత్తిన పడింది. ఆరేళ్లు మోయగలిగారంటే అదే గొప్ప. మీరు పోగొట్టుకున్నది వ్యాకరణం కాదమ్మా, డెస్కు.

కామా గురించి మీరు ఒక పేజీ రాశారు కాబట్టి నా అనుభవం ఒకటి చెప్తాను. చాలా ఏళ్ల కింద, సెల్‌ఫోన్లు లేని రోజుల్లో, నేను ఒక పత్రికలో జిల్లా పేజీ చూసేవాణ్ని. రాత్రి పొద్దుపోయాక ఒక ప్రమాద వార్త వచ్చింది. విలేకరి పంపిన హెడ్డింగు ‘రైతు భార్య, కొడుకుకు గాయాలు’. ‘రైతు’ పక్కన కామా మర్చిపోయాడనుకుని నేనే పెట్టాను. ‘రైతు, భార్య, కొడుకుకు గాయాలు’ అయింది. మర్నాడు మధ్యాహ్నం ఆఫీసుకు పదిహేడు, పద్దెనిమిదేళ్ల అమ్మాయి వచ్చింది, చేతిలో నాలుగు మడతలు పెట్టిన పేపరు. హాస్టల్లో పేపరు చూసి వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి పరుగెత్తింది. తండ్రి కోసం మగవాళ్ల వార్డులన్నీ తిరిగింది. ఆయన ఆడవాళ్ల వార్డులో, భార్య మంచం పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు. ఆయనకు ఏమీ కాలేదు. ఆ పిల్ల నన్ను తిట్టలేదు. మడత విప్పి, హెడ్డింగు మీద వేలు పెట్టి, “ఇది ఎవరు పెట్టిన్రు సార్?” అని అడిగింది. వేలి కింద ఉన్నది కామా.

నెల రోజులు నాకూ మీలాగే అయింది, ప్రతి కామా దగ్గరా చెయ్యి వణికింది. తర్వాత మెల్లగా ఒకటి తెలిసొచ్చింది. ఈ కామా తప్పితే చదివేవాళ్లు వేరే వార్డుకు వెళ్తారా? వెళ్తారంటే అది ప్రాణం పెట్టి చూడాల్సిన కామా. వెళ్లరంటే అది ఊపిరి తీసుకునే చోటు మాత్రమే, ఉన్నా నష్టం లేదు, లేకున్నా నష్టం లేదు. ‘నిన్న వచ్చిన రైతు కొడుకు’ అంటే వచ్చింది రైతా, కొడుకా? అక్కడ ఆగాలి. కామాతో తేలకపోతే వాక్యమే తిప్పి రాయాలి. ‘అన్నం తిని, చెయ్యి కడుక్కుని, బయటికి వెళ్లాడు’ అన్నదాంట్లో రెండు కామాలూ తీసేసినా మనిషి అన్నం తినే బయటికి వెళ్తాడు. మీరు ఒక పేజీకి గంట పెడుతున్నది ఎక్కువగా ఈ రెండో రకం మీద అని నా అనుమానం. ఒక పేజీ తీసుకుని, అందులో వార్డు మారే కామాలు ఎన్నో లెక్క పెట్టి చూడండి. వేళ్ల మీద లెక్కకు వస్తాయి.

ఇంకో మాట. కామా, చుక్క, ప్రశ్నార్థకం మనకు అచ్చుతో పాటు వచ్చి స్థిరపడ్డవి. తాళపత్రాల్లో మాటకూ మాటకూ మధ్య ఖాళీ కూడా వదిలేవారు కాదు. అయినా మనవాళ్లు చదువుకున్నారంటే, ఆ పని చాలావరకు మన మాటల చివరే జరిగిపోతుంది కాబట్టి. ‘వచ్చాడా’లో దీర్ఘమే ప్రశ్న. ‘అని’ అంటే అక్కడికి ఎదుటివాళ్ల మాట అయిపోయిందని. ‘అమ్మా నాన్నా వచ్చారు’ అంటే ‘మరియు’ అక్కర్లేదు. అందుకే ‘ఎందుకు వచ్చాడో అడిగాను’ తర్వాత ప్రశ్నార్థకం పెట్టం, కొటేషన్ లోపల చుక్క పెట్టి మళ్లీ ‘అని’ రాయం. తెలుగు వాక్యానికి వెన్నెముక దానికే ఉంది. గుర్తులు దానికి కర్రసాయం.

ఇక ఎం.ఏ. సంగతి. చేయవద్దని చెప్పను. చేస్తే ప్రాచీన సాహిత్యం, భాషాశాస్త్రం చదువుకుంటారు, మనసుకు బలం వస్తుంది. కానీ రెండేళ్ల తర్వాత కూడా మీ బల్ల మీద ఇవే ప్రశ్నలు ఉంటాయి. చిన్నయ సూరి బాలవ్యాకరణం 1858 నాటిది, కావ్యభాష కోసం రాసింది. ఉత్వసంధి గురించి అడిగితే సూత్రం చెప్తుంది. ఆత్మకథలో ‘ఇల్లు అమ్మాడు’ అని విడదీయాలా, ‘ఇల్లమ్మాడు’ అని కలపాలా అంటే ఈనాటి వచనానికి విడదీసే అలవాటే ఎక్కువ, ఆ అలవాటు సూత్రంలో దొరకదు. ‘వచ్చేసరికి’ కలపాలా విడగొట్టాలా అన్నదీ అంతే. మీకు చదువుకోవాలని ఉంటే చదవండి. భయం పోవడానికి మాత్రం చేరకండి. డిగ్రీ వచ్చాక కూడా భయం పోకపోతే అప్పుడు మీ మీద మీకు మరీ కోపం వస్తుంది.

మీరు ఇప్పుడు ప్రతి అనుమానాన్నీ ‘ఒప్పా, తప్పా?’ అనే అడుగుతున్నారు. అన్నీ ఆ ప్రశ్నకు లొంగేవి కావు. ‘ఉచ్ఛారణ’ తప్పు, ‘ఉచ్చారణ’ ఒప్పు. ‘కవియిత్రి’ తప్పు, ‘కవయిత్రి’ ఒప్పు. గరిష్ఠం, కనిష్ఠం, శ్రేష్ఠం ఠ వత్తు తీసుకుంటాయి, కష్టం, ఇష్టం, స్పష్టం ట వత్తు. ఇట్లాంటివాటికి శబ్దరత్నాకరం నిఘంటువు తీస్తే లేదా ఆంధ్రభారతి వెబ్‌సైట్‌లో వెతికితే నిమిషంలో జవాబు దొరుకుతుంది. దొరికాక వాదన లేదు. ‘వెళ్లి’, ‘వెళ్ళి’ అట్లా కాదు. రెండూ ఒప్పే, పత్రికలు ఎక్కువగా మొదటిది వాడతాయి, పుస్తకాల్లో రెండోదీ బాగా కనిపిస్తుంది. అక్కడ నిఘంటువు ఎంతసేపు తిరగేసినా ఏం దొరుకుతుంది? మీరే తేల్చాలి, తేల్చాక ఆ పుస్తకం చివరి దాకా దాని మీద నిలబడాలి. ఒకే మాటను పది నిమిషాలు కన్నార్పకుండా చూస్తే అది తెలుగు మాటే కాదేమో అనిపిస్తుంది. మీకు రాత్రి రెండింటికి జరుగుతున్నది అదే.

అందుకని ఒక నోటుబుక్కు పెట్టుకోండి. ఫోన్‌లో వద్దు, కాగితం మీదే. అనుమానం వచ్చిన మాట, మీరు తేల్చింది, ఎక్కడ చూసి తేల్చారు, తేదీ. అంతే. ‘నిఘంటువు’ అనో, ‘రచయితను అడిగాను’ అనో, ‘నా నిర్ణయం’ అనో రాయండి. ఆ మూడో రకం రాయడానికి మొదట్లో చెయ్యి రాదు, అయినా రాయండి. అదే మాట మళ్లీ ఎదురైతే నిఘంటువు తెరవకుండా ముందు మీ పుస్తకం తెరవండి. అదే మెల్లగా మీ స్టైల్‌బుక్ అవుతుంది. ఎవరైనా సభలో లేచి అడిగితే, ఇదిగో ఫలానా కారణం చేత ఇట్లా పెట్టాను అని చెప్పగలుగుతారు. ఒప్పుకోకపోవచ్చు వాళ్లు. కానీ మీరు తడబడరు.

ములుగు కుర్రవాడి విషయంలో నేను మీ పక్షాన మాట్లాడలేను. అతను చెప్పింది నిజం. కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకునే ఊళ్లో ఉండి, ‘వచ్చిండు’ను తప్పుగా చూశారు. దానికి కారణం కూడా మీరే రాశారు, ఆరో తరగతిలో ‘పోయిండు’ అని రాస్తే పంతులుగారు ఎర్రసిరాతో కొట్టేసి చెయ్యి చాపమన్నారని. మనలో చాలామంది చేతుల మీద ఆ బెత్తం గుర్తు ఉంది. మనకు తెలియకుండానే ఆ ఎర్రసిరా మనం పట్టుకున్నాం. ఆ భాషకూ వ్యాకరణం ఉందమ్మా. ‘వచ్చిండు’ మగవాడికి, ‘వచ్చింది’ ఆడమనిషికి, ‘వచ్చిన్రు’ పదిమందికీ పెద్దమనిషికీ. కరీంనగర్ వైపు పోతే ‘అచ్చిండు’ అంటారు. ఒకే పాత్ర మొదటి పేజీలో ‘వచ్చిన్రు’ అని, పదో పేజీలో ‘వచ్చిండ్రు’ అంటే, అప్పుడు ఎడిటర్ పని మొదలవుతుంది: “తమ్మీ, మీ ఊళ్లో ఏది అంటరు?” అని అడగడం. అతనికి ఫోన్ చేయండి. పుస్తకం తిరిగి ఇవ్వమని కాదు, అతను చెప్పింది నిజమేనని చెప్పడానికి. ఇస్తాడో ఇవ్వడో అతని ఇష్టం. ఇస్తే మాత్రం, పని మొదలుపెట్టకముందే సంభాషణ ముట్టుకోనని, కథనంలో మార్పు చేస్తే గుర్తు పెట్టి చూపిస్తానని మాట ఇవ్వండి.

బల్ల మీదున్న పుస్తకం మాటేమిటి? మీ ముందు రెండు మూడు దారులు కనిపిస్తున్నాయి నాకు. ఒకటి, ప్రెస్ ఓనరుకు ఉన్నదున్నట్టు చెప్పి నెల గడువు అడగడం. పని చేజారవచ్చు, కానీ రాత్రులు మీవి అవుతాయి. రెండోది, జతగా ఇంకొకరిని పెట్టుకోవడం. మీ పాత డెస్కు వాళ్లలో ఇంటి దగ్గర ఉన్నవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు. వాళ్ల పుస్తకం చివరి ప్రూఫు మీరు చూడండి, మీ పుస్తకం వాళ్లు చూస్తారు. పేజీకి వచ్చేదాంట్లో కొంత వాళ్లకు పోతుంది, గడువు కాస్త పెరుగుతుంది. అది నష్టమే. అయినా నేను మీ స్థానంలో ఉంటే ఇదే చేస్తాను, డెస్కులో ఉన్న రెండో కన్ను తిరిగి వచ్చేది ఈ దారిలోనే. మూడోది మీ ఆయన చెప్పింది. ట్యూషన్లు చెప్పడం తక్కువ పని ఏమీ కాదు. అత్తగారిని చూసుకుంటూ, ఇంటి పని చేసుకుంటూ ఇది మోయలేనని మీకు అనిపిస్తే మానేయవచ్చు, ఎవరూ మిమ్మల్ని తప్పు పట్టరు. కానీ ఆ అంకితం పేజీ కోసమే మానేస్తే, ట్యూషన్‌లో పిల్లవాడు ‘అర్ధం’ అని రాసిన ప్రతిసారీ ఆ సభ గుర్తొస్తుంది. ఆయనతో ఒకరోజు కూర్చుని, మానేయమన్నది మీ అవస్థ చూడలేకా, డబ్బు చాలకా అని అడగండి. రెండింటికీ జవాబు వేరు.

ఏ దారి పట్టినా ఇవి మాత్రం చేయండి. కంప్యూటర్‌లో అన్నీ ఒకేసారి మార్చే పని పెట్టుకోకండి, ఒక్కొక్కటీ చూసి మార్చండి. అనూ నుంచి మార్చిన ఫైలు వస్తే, వత్తులు చెదిరాయేమో చూడటానికే ముందు ఒకసారి చదవండి, ఆ చదువులో భాష దిద్దకండి. అట్ట, లోపలి మొదటి పేజీ, అంకితం, అధ్యాయాల పేర్లు, మనుషుల పేర్లు, తేదీలు విడిగా కాగితం మీద తీసుకుని ఇంట్లో ఎవరితోనైనా పైకి చదివించండి. పెద్ద అక్షరాలను ఎవరూ చదవరు, చూస్తారంతే.

రచయిత మాస్టారు దగ్గరికి మీరు ఇంతవరకు వెళ్లలేదని రాశారు. ఆయనా ఫోన్ చేయలేదన్నారు. ఆయన మౌనం కోపమని మీరు అనుకుంటున్నారు. కావచ్చు. మిమ్మల్ని బాధపెట్టడం ఇష్టం లేక కూడా కావచ్చు. మన పాత పుస్తకాల చివర తప్పొప్పుల పట్టిక వేసేవారు, అది వేసినందుకు ఏ పండితుడి పరువూ పోలేదు. మిగిలిన కాపీలు ఎన్నో కనుక్కోండి. అంకితం పేజీ మీద అతికించడానికి సరైన అక్షరాలతో చిన్న చీటీ అచ్చు వేయించుకుని, ఆయన ఇంటికి వెళ్లండి. ఖర్చు మీది. కూర్చుని మీ చేత్తో అతికిస్తానని అడగండి. ఆయన వద్దనవచ్చు, రెండో ముద్రణలో చూద్దామనవచ్చు, లోపలికి రమ్మని ఆమె ఫొటో చూపించవచ్చు. ఏదైనా మీరు ఇప్పుడు రాత్రి రెండింటికి ఊహించుకుంటున్న దానికంటే నయంగానే ఉంటుంది.

ఆ రెండింటి లేవడం మాత్రం తేలిగ్గా తీసుకోకండి. పంపిన ఫైలు మళ్లీ తెరవకూడదని నిశ్చయించుకోండి. నాలుగైదు వారాలు గడిచినా నిద్ర పట్టకపోతే, లేదా ఈ అనుమానం గ్యాసు ఆపానా, తలుపు వేశానా అన్నదాకా పాకితే, మానసిక వైద్యుణ్ని కలవండి. అది భాష పని కాదు, ఒంటి పని. కాలు బెణికితే కట్టు కట్టించుకుంటాం కదా.

చివరగా, మీ ఉత్తరం. క్షమించండి అన్నారు గాని, నా అలవాటు కొద్దీ పెన్సిల్ పట్టుకునే చదివాను. నాలుగు పేజీల్లో ‘అర్ధాంగి’ ఏడుసార్లు రాశారు, ఏడుసార్లూ సరిగ్గానే ఉంది. నేను గీత గీసింది ఒక్కచోటే. రెండో పేజీలో ‘ప్రాధాన్యత’ అని, మూడో పేజీలో ‘ప్రాధాన్యం’ అని ఉంది. ప్రధానతకు ప్రాధాన్యం అన్నాక మళ్లీ ‘త’ ఎందుకని కొందరు, జనం నోట నిలిచిపోయింది కదా అని కొందరు. నేను ‘ప్రాధాన్యం’ మనిషిని. మీరు ఏ పక్షమో తేల్చుకుని, నోటుబుక్కు మొదటి పేజీలో తేదీ వేసి రాసుకోండి.